సొరంగం బొమ్మ: ఊరి చరిత్ర సభల్లో ఏఐ చిత్రాలు వేయవచ్చా?

హంద్రీ ఒడ్డు (చర్చ ప్రారంభించినవారు)

కర్నూలు పాతబస్తీలో నెలనెలా జరిగే ఊరి చరిత్ర సభకు వచ్చేవాళ్ళు ఈ వేదికలో చాలామంది ఉన్నారు. రానివాళ్ళ కోసం రెండు మాటలు: ఒక హాలు, ఒక ప్రొజెక్టర్, తెర మీద ఒక్కో బొమ్మ, దాని గురించి చెప్పే ఒక మనిషి, చివర్లో వచ్చినవాళ్ళ జ్ఞాపకాలు. ఈ సభలు పది కాలాల పాటు నడవాలని కోరుకునేవాళ్ళలో నేనొకణ్ణి. అందుకే ఈ మాట ఎత్తుతున్నాను.

పోయిన సభలో కొండారెడ్డి బురుజు గురించి చెబుతూ ఒక బొమ్మ వేశారు. కాగడాలు పట్టుకున్న సైనికులు, గుర్రాలు, రాతి కప్పు నుంచి కారుతున్న నీళ్ళు. కింద ‘తుంగభద్ర కింది సొరంగం’ అని రాసి ఉంది. బొమ్మంతా పాత ఫొటోలా మట్టి రంగులో ఉంది. అంచులు పసుపెక్కాయి, ఒక మూల మడత పడి చిరిగినట్టుంది. అది ఏఐతో చేసిన బొమ్మ. ఆ సంగతి తెర మీదా లేదు, చెప్పినాయన నోటా రాలేదు. బురుజు నుంచి నది కిందుగా గద్వాల దాకా, అంటే దాదాపు 50 కిలోమీటర్లు, దారి ఉందన్నది తరతరాలుగా ఊరు చెప్పుకునే కథ. కెమెరా పుట్టక ముందటి సైనికులకు ఫొటో ఎక్కడి నుంచి వచ్చిందని హాల్లో ఒక్కరూ అడగలేదు. మరునాటికి అదే బొమ్మ వాట్సాప్‌లో ‘అరుదైన ఛాయాచిత్రం’ అయి తిరిగింది.

ఊరి చరిత్ర సభలో ఏఐ బొమ్మ వేయకూడదని నా అభిప్రాయం. మీరేమంటారు?

బురుజు నీడ

ఆ బొమ్మ చేసింది నేనే. చేసినందుకు నాకు విచారం లేదు. ఎందుకో చెబుతాను.

మన ఊళ్ళో చూపించడానికి ఏమి మిగిలింది? విజయనగర రాజుల నాటి కోట అని గొప్పగా చెప్పుకుంటాం. 1860ల్లో తెల్లదొరలు దాన్ని చాలావరకు పడగొట్టించారు. మిగిలిన బురుజు చుట్టూ ఇప్పుడు ఆటోలు తిరుగుతున్నాయి. కోట ఎంత మేర ఉండేదో, నది వైపు గోడ మీద నిలబడితే ఏమి కనిపించేదో పిల్లవాడికి ఎలా తెలియాలి? పాత దస్త్రం పేజీ తెర మీద పడితే ముందు వరుసలోవాళ్ళు కూడా ఫోన్లలో తల దూరుస్తారు. సొరంగం బొమ్మ పడినప్పుడు ఫోన్లు పైకి లేచాయి, దాన్ని తీసుకోవడానికి.

ఇక సొరంగం నిజమా కాదా అన్నది. ఆ కథ మా తాత నాకు చెప్పాడు. ఆయనకు వాళ్ళ నాన్న చెప్పాడు. దస్తావేజులు రాసిపెట్టుకున్నది చదువూ అధికారమూ ఉన్నవాళ్ళు. అవి లేనివాళ్ళకు మిగిలింది కథే. రుజువున్నదే చెప్పాలంటే మన సభలో నవాబులూ కలెక్టర్లూ తప్ప మరొకరు కనిపించరు.

కెమెరా కన్ను

పాతబస్తీలో నాది ఫొటో స్టూడియో. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి ఊళ్ళోకి వచ్చాయి. ఆ తర్వాత నా దుకాణానికి ఏమేమి వచ్చాయో చెబితే గాని నా కోపం మీకు అర్థం కాదు.

బురదతో బరువెక్కిన ఆల్బమ్‌లు వచ్చాయి. పెళ్ళి ఫొటోలు పైనున్న ప్లాస్టిక్ కాగితానికి అతుక్కుపోయాయి. లాగితే మొహం ఆ కాగితంతోనే ఊడి వచ్చేది. అందుకని ఆల్బమ్ ఆకును ఉన్నదున్నట్టే చల్లటి మంచినీళ్ళలో ఉంచి, ఫొటో అంచు దానంతట అది లేచేదాకా ఆగి, ఒక్కొక్కటీ విడదీసి, నీడలో దారానికి క్లిప్పులతో వేలాడదీసేవాళ్ళం. అల్మరాలో నిలబెట్టిన ఆల్బమ్ అయితే బురద గీత ప్రతి ఆకు మీదా ఒకే ఎత్తున ఉండేది. ఒక ఫొటోలో పెళ్ళికూతురి మొహం పోయింది. వెనకనున్న అరుగు, దాని చెక్క స్తంభాలు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ ఇంటికి మిగిలిన ఏకైక సాక్ష్యం ఆ పాడైన ఫొటోనే.

బురుజు నీడ గారూ, మీరు మడత, పసుపు అంచు, చిరుగు అన్నీ అందం కోసం పెట్టారు. మా ఊరి ఫొటోల మీద మరకలు అలా రాలేదు. కథ చెప్పండి, కాదనను. కథకు ఫొటో వేషం వేయకండి. ఇంకొక మాట. ఇళ్ళలో మిగిలిన నాలుగు ఫొటోలు బయటికి రావాలంటే ఈ సభలే దారి. తెర మీద ఏది అసలో ఏది కల్పనో తెలియదని పేరు పడితే ఇంకెవరు తెస్తారు?

బడిపంతులమ్మ

నేను ప్రభుత్వ బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను. బురుజు నీడ గారి బాధ నాకు బాగా తెలుసు. బొమ్మ లేకపోతే పిల్లలు వినరు. అయితే ఆ బొమ్మ యంత్రమే చేయాలా?

మా తరగతిలో జోహరాపురం నుంచి వచ్చే పిల్లలున్నారు. కర్నూలు చివరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను 1839లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకున్నది తమ జోహరాపురంలోనే అని వాళ్ళకు తెలియదు. కోటలో పెద్ద ఎత్తున ఆయుధాలు దాచాడని ఆయన మీద ఆరోపణ. తిరుచిరాపల్లికి పంపారు, మరుసటి ఏడాది అక్కడే హత్యకు గురయ్యాడు. ఇదంతా చెప్పి, మీకు తోచినట్టు గీయండి అన్నాను. ఒక పిల్ల నవాబును గీయలేదు. తమ వీధి గీసి, మేడ మీద నుంచి తొంగిచూసే ఆడవాళ్ళను గీసింది. ‘వాళ్ళు చూసే ఉంటారు కదా టీచర్’ అంది. ఇంత చక్కటి ప్రశ్న నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. పెన్సిలు బొమ్మను చూసి ఫొటో అని ఎవరూ మోసపోరు.

పాతబస్తీ కుర్రాడు

ఏఐ బొమ్మల్లో ఇంకో చిక్కుంది. నవాబును వేయమంటే ఉత్తరాది మహారాజును తెచ్చి నిలబెడుతుంది. మా ఇంటికి దగ్గర్లోనే, హంద్రీ ఒడ్డున, ఒకప్పుడు కర్నూలును ఏలిన అబ్దుల్ వహాబ్ ఖాన్ గోరీ ఉంది. మేము గోల్ గుమ్మజ్ అంటాం. ఆ పేరు చెప్పి అడిగితే నాకు దాదాపు అదే పేరున్న బీజాపూర్ కట్టడాన్ని చూపించింది. ఉన్న గోరీనే సరిగ్గా వేయలేనిది లేని సొరంగాన్ని ఎలా వేస్తుంది? ఒక్కసారి నడిచి వెళ్ళి ఫోనులో ఫొటో తీసుకోవచ్చు కదా. పాతబస్తీలో ఉర్దూ మాట్లాడే పెద్దవాళ్ళను కూడా సభకు పిలవండి. బొమ్మలో తప్పుంటే వాళ్ళే చెబుతారు.

సుంకేసుల ఆయకట్టు

అసలు ఫొటో అయినంత మాత్రాన నిజం అయిపోదు. 1876–78 కరువు గురించి ఎవరు చెప్పినా ఎముకల గూడులా ఉన్న మనుషుల ఫొటోలు వేస్తారు. అవి హూపర్ అనే సైనికాధికారి మద్రాసు ప్రెసిడెన్సీలో తీసినవి. ప్రెసిడెన్సీ అంటే కర్నూలు ఒక్కటే కాదు. ఎక్కడ తీశారో తెలుసుకోకుండా ‘కర్నూలు కరువు’ అని రాసి వేస్తే అది సొరంగం బొమ్మకు ఏమీ తీసిపోని అబద్ధం. ఆ కరువులో మన జిల్లా ఎంత పాడైందో తెలిసినవాణ్ణి కాబట్టి ఈ మాట మరీ గట్టిగా అంటున్నాను. పోయినవాళ్ళకు మరో చోటివాళ్ళ మొహాలు తగిలించకూడదు.

ఎప్పుడు చూసినా బురుజు, నవాబు. మన కేసీ (కర్నూలు–కడప) కాలువ గురించి ఒక్క సభ పెట్టారా? 1863లో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వడం మొదలుపెట్టింది. నీళ్ళు పారించడమే కాదు, పడవలు నడిపి లాభం తీయాలని చూసింది. లాభం రాలేదు. 1882లో సర్కారు తీసుకుంది. సుంకేసుల నుంచి కడప దాకా సుమారు 300 కిలోమీటర్ల కాలువ, ఊరి మధ్య నుంచే పారుతోంది. దీనికి ఏఐ ఎందుకు? సభనే కాలువ గట్టు మీద పెట్టండి.

గుడారాల బిడ్డ

ఇంతమంది వాదించుకుంటుంటే మధ్యలోకి రావడానికి కొంచెం జంకుగా ఉంది. అయినా చెబుతాను.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కర్నూలు రాజధాని అయింది. నెహ్రూ గారు వచ్చారు, ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి. మద్రాసులో గుమాస్తాగా ఉన్న మా నాన్నగారు సర్కారు కాగితాలతో పాటు ఇక్కడికి వచ్చారు. ఆఫీసులకే చోటు చాలలేదు, ఇక మాకు ఇళ్ళెక్కడివి? చాలామందికి గుడారాలే. అప్పుడు నేను ఎనిమిదేళ్ళ పిల్లను. మధ్యాహ్నం గుడ్డ వేడెక్కి లోపల కూర్చోలేకపోయేవాళ్ళం. గాలి వస్తే అమ్మ ముందు బియ్యం డబ్బా మూత చూసేది, తర్వాతే పిల్లల్ని చూసేది. 1956 నవంబరులో రాజధాని హైదరాబాదుకు పోయింది. మళ్ళీ మూటాముల్లే. మా నాన్నగారు మాత్రం ఆ తర్వాత ఇక్కడికే బదిలీ చేయించుకుని వచ్చారు.

ఆ గుడారం ఫొటో మా దగ్గర ఒక్కటీ లేదు. పోయిన వేసవిలో మా మనవడు నేను చెప్పింది చెప్పినట్టు టైపు చేసి, ఆ ఏఐతో బొమ్మ తీయించాడు. అది చూసి ఏడ్చాను. మా అమ్మ అందులో లేదు, ఎవరో ఆడమనిషి ఉంది. కానీ వెలుతురు అదే, గుడ్డలోంచి వచ్చే ఆ పసుపు వెలుతురు. దాన్ని అబద్ధమంటే నేను ఒప్పుకోను.

హంద్రీ ఒడ్డు

అమ్మా, మీరు రాసింది చదివాక నా మొదటి మాటను ఇంకాస్త సరిగ్గా చెప్పాలనిపించింది. నా అభ్యంతరం ఊహకు కాదు. మీ గుడారం బొమ్మకు వెనక మీరున్నారు. తప్పెక్కడో మీరు చెప్పగలరు, ‘ఈవిడ మా అమ్మ కాదు’ అని ఇప్పుడే చెప్పారు కూడా. సొరంగం బొమ్మ వెనక అలా నిలబడి జవాబు చెప్పేవాళ్ళు లేరు. బురుజు నీడ గారి తాత చెప్పింది కథ. గుర్రాలు, కాగడాలు, కారుతున్న నీళ్ళు ఆయన చెప్పినవేనా? యంత్రం కలిపినవా? తాత చెప్పిన మాటల్ని ఆయన గొంతుతో రికార్డు చేసి వినిపించి ఉంటే నేను మొదటి వరుసలో కూర్చుని వినేవాణ్ణి.

కాబట్టి నా కోరిక ఇది. తెర మీద పడే ప్రతి బొమ్మకూ అది ఎక్కడిదో ఆ బొమ్మ మీదే రాయాలి. ఫలానా ఇంటి ఆల్బమ్‌లోది. ఫలానా ఏడు కర్నూలు మ్యూజియం దగ్గర తీసినది. ఫలానా ఆమె చెప్పగా చేసినది. ఏదీ చెప్పలేనిది తెర ఎక్కకూడదు.

బురుజు నీడ

మా తాత ఇప్పుడు లేడు, రికార్డు ఎలా చేయను? గుర్రాలు మాత్రం ఆయన చెప్పినవే. కాగడాలు నేను కలిపాను.

బొమ్మ మీద రాయమంటే రాస్తాను. వాట్సాప్‌లోకి వెళ్ళేటప్పుడు కింది గీత కత్తిరించి పంపుతారు, దానికి నేనేమి చేయను?

కెమెరా కన్ను

కింద రాయకండి. సైనికుల మొహాల మీదుగా అడ్డంగా రాయండి. కత్తిరిస్తే బొమ్మ కూడా పోతుంది.

బురుజు నీడ

అలా చేస్తే బొమ్మ పాడవుతుంది అన్నా. పిల్లలు బొమ్మ చూస్తారా, అక్షరాలు చూస్తారా?

బడిపంతులమ్మ

పాడవనీ. మొహాల మీద అక్షరాలు ఎందుకున్నాయని పిల్లలు అడుగుతారు. జవాబు మీరే చెప్పండి, మీ తాత గారి పేరుతో సహా. నాకు తెలిసి వాళ్ళకు సొరంగం కంటే ఆ జవాబే ఎక్కువ నచ్చుతుంది.

సుంకేసుల ఆయకట్టు

కాలువ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మళ్ళీ అడుగుతున్నాను.

గుడారాల బిడ్డ

కాలువ సభకు నేను వస్తాను బాబూ, గట్టు మీద కుర్చీ వేయిస్తే చాలు. అంతకంటే ముందు, వచ్చే సభలో గుడారాల గురించి నన్ను మాట్లాడమన్నారు, ఒప్పుకున్నాను. మా మనవడు చేసిన బొమ్మే వేయండి. హంద్రీ ఒడ్డు గారు చెప్పినట్టు ‘ఆమె చెప్పగా చేసినది’ అని మీదే రాయండి. అందులో మంచం ఎడమవైపు వేసింది, మాది ద్వారానికి అడ్డంగా ఉండేది. దీపం కూడా అలా పైన వేలాడేది కాదు. ఇంకా ఏవి తప్పో నేను అక్కడే చూపిస్తాను. ఆ మూడేళ్ళూ కర్నూలు గుడారాల్లో ఉన్నవాళ్ళు గానీ, వాళ్ళ పిల్లలు గానీ ఈ ఊళ్ళో ఉంటే రండి. నా జ్ఞాపకం ఎక్కడ తప్పిందో మీరు చెప్పండి.