హన్మకొండలో గేమ్ పార్లర్ పాత సామాను లాటు: ఎంతకు అడగాలె? ఇప్పుడు కొనుడు మంచిదేనా?

ఓరుగల్లు_జాయ్‌స్టిక్:

అన్నలకు నమస్తే. హన్మకొండ చౌరస్తా దగ్గర మూసేసిన ఒక వీడియో గేమ్ పార్లర్ సామాను అమ్మకానికి ఉంది. విడిగ ఇయ్యరట, తీసుకుంటే అంతా ఒకటేసారి తీసుకోవాలె. లాట్ల ఇవి ఉన్నయి:

పీఎస్2లు, అంటే సోనీ ప్లేస్టేషన్ 2 మిషన్లు, నాలుగు (రెండు లావువి, రెండు స్లిమ్). డిస్కులు వందకు పైనే, ఎక్కువ శాతం కాపీలు. ఒరిజినల్ డబ్బాలతోని ఉన్నవి 18. వాటిల్ల సీలు తియ్యని "హనుమాన్: బాయ్ వారియర్" ఒకటి. గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్పీ ఒకటి, దాని క్యాసెట్లు 9, అండ్ల పోకెమాన్ ఎమరాల్డ్, ఫైర్‌రెడ్ ఉన్నయి. దుబాయ్ నుంచి వచ్చిన సెగా మెగా డ్రైవ్, క్యాసెట్లు 6, అడాప్టర్ లేదు. మీడియా, మైక్రో జీనియస్ టీవీ గేములు 5, వాటి క్యాసెట్లు ఒక సంచి. 21 ఇంచుల డబ్బా టీవీ ఒకటి.

ఓనరు 45,000 అడుగుతున్నరు. పాత మారియో గేమ్ కోట్లకు పోయిందన్న వార్త చూపించి, దాన్ని బట్టి ఇది తక్కువే అంటున్నరు. ఇంకొందరేమో రేట్లు పడిపోయినయి, ఆగుమంటున్నరు. ఏది నిజం? ఒరిజినల్ ఏదో, కాపీ ఏదో అక్కడికక్కడ ఎట్ల పట్టుకోవాలె?

కాజీపేట_8బిట్:

ముందు ఆ వార్త సంగతి. 2021 జులైలో అమెరికాలో హెరిటేజ్ ఆక్షన్స్ వేలంలో సూపర్ మారియో 64 సీల్డ్ కాపీ 15.6 లక్షల డాలర్లకు పోయింది, నిజమే. దానికి రెండు రోజుల ముందు జెల్డా అనే గేమ్ కాపీ 8.7 లక్షల డాలర్లు పలికింది. ఆగస్టులో ర్యాలీ అనే సంస్థ ద్వారా సూపర్ మారియో బ్రదర్స్ 20 లక్షల డాలర్లకు అమ్ముడైంది. ఇవన్నీ సీలు తియ్యనివి, వాటా అనే సంస్థ ఎంత బాగున్నదో చూసి గ్రేడు వేసి ప్లాస్టిక్ పెట్టెలో బిగించినవి. ఆ ధరంతా ఆ గ్రేడుకు పలికిందే. సూపర్ మారియో 64 ప్రపంచమంతా కోటికి పైగా అమ్ముడైన గేమ్, విప్పిన క్యాసెట్‌కు కొరత ఏనాడూ లేదు. పార్లర్‌ల వాడిన సామానుకు ఆ వేలాలతోని సంబంధమే లేదు. 2022లో వాటా సంస్థ మీద అమెరికాలో దావా పడ్డది, ఆ తర్వాత సీల్డ్ గేముల మీద పెట్టుబడి పెట్టేటోళ్లు చాలామంది పక్కకు జరిగిన్రు.

విప్పిన గేముల మార్కెట్ వేరు. 2020 లాక్‌డౌన్‌ల జనం ఇండ్లల్ల ఉన్నరు, బయట ఖర్చు లేదు, చిన్నప్పటి గేముల మీద పడ్డరు. సరుకు కొత్తగ తయారయ్యేది కాదు కాబట్టి డిమాండ్ కొంచెం పెరిగినా రేటు ఎగిరింది. రేటు ఎగురుతుంటే ఆడనోళ్లు కూడ లాభం కోసం కొన్నరు. 2022 నుంచి పనులు మామూలయినయి, లాభం కోసం కొన్నోళ్లు ఒకటేసారి అమ్మకానికి దిగిన్రు, రేటు జారింది. అయినా చాలా గేములు 2019 రేటు దాకా దిగలేదు. అందుకే "పడిపోయింది" అన్నమాట సగమే నిజం.

ఇంకొకటి, అన్నీ కలిసి లేవవు, కలిసి పడవు. ఏ మిషనుకు గిరాకీ ఉండాలన్నా దాన్ని చిన్నప్పుడు ఆడినోళ్ల చేతిల డబ్బు ఆడాలె. అటారి తరం కొనుడు తగ్గించింది. ఇప్పుడు నింటెండో చేతి మిషన్లు గేమ్‌బాయ్ అడ్వాన్స్, డీఎస్, 3డీఎస్ ఆడిన పిల్లలు ఉద్యోగాల్ల ఉన్నరు. 2023 మార్చి 27న నింటెండో 3డీఎస్, వీ యూ ఆన్‌లైన్ దుకాణాలు బంద్ చేసింది, అప్పటినుంచి ఆ క్యాసెట్లకు గిరాకీ పెరిగింది. పాత గేమ్ నింటెండో కొత్త మిషన్ స్విచ్‌ల మళ్లీ వస్తే మామూలుగ ఆడుకునేటోళ్లు అటు పోతరు. మన దగ్గర చేతిల పట్టుకునే చైనా ఎమ్యులేటర్ మిషన్లు (పాత గేములను నకలుగ నడిపేవి) కూడ అదే పని చేస్తున్నయి. ఒరిజినలే కావాలనే కలెక్టర్ మాత్రం ఎటూ పోడు.

మీ లాట్ల గేమ్‌బాయ్ క్యాసెట్లు గట్టివి, అవి ఒరిజినల్ అయితేనే. పీఎస్2 మిషన్లు 15 కోట్లకు పైగా అమ్ముడైనయి, మామూలు ఫుట్‌బాల్, కుస్తీ డిస్కులకు విలువ చాలా తక్కువ. కాపీ డిస్కులకు సున్నా. టీవీ గేముల "లక్ష గేములు" క్యాసెట్లకు కూడ సున్నా రాసుకోండి. వాటి డబ్బా, గన్ను, రెండు ప్యాడ్లు బాగుంటే మనోళ్లే జ్ఞాపకం కోసం కొంటరు. బయటి దేశాలల్ల కొనేటోళ్లు ఉండరు.

ఇందూరు_కలెక్టర్:

పై అన్న చెప్పినదానికి రేటు కట్టే పద్ధతి కలుపుతున్నా. అడిగే రేటు చూడొద్దు, అమ్ముడైన రేటు చూడాలె. ఈబేలో "సోల్డ్ ఐటమ్స్" ఫిల్టర్ పెట్టి చివరి ఐదారు అమ్మకాలు చూసి, పైదొకటి, కిందదొకటి తీసేసి మిగిలినవాటి సగటు తీయండి. ప్రైస్‌చార్టింగ్ అనే రేట్ల సైటులో విడి క్యాసెట్, డబ్బా పుస్తకంతో ఉన్నది, సీల్డ్ అని మూడు రేట్లుంటాయి. మీది ఏ వరుసలోదో నిజాయితీగా ఒప్పుకోవాలె. పాల్ కాపీకి (యూరప్, మన దిక్కు అమ్మిన రకం) అమెరికా కాపీ రేటు వేస్తే అక్కడే తప్పు పడుతుంది. డబ్బా అంచు మీద ఎస్‌ఎల్ఈఎస్, ఎస్‌సీఈఎస్ అని ఉంటే పాల్, ఎస్‌ఎల్‌యూఎస్, ఎస్‌సీయూఎస్ ఉంటే అమెరికాది.

డాలర్ రేటును అట్లనే రూపాయల్లోకి మార్చొద్దు. బయటి నుంచి తెప్పించుకునేవానికి వస్తువు ధర, షిప్పింగ్, బీమా కలిపిన మొత్తం మీద కస్టమ్స్ డ్యూటీ, దాని మీద ఐజీఎస్టీ, కొరియర్ ఫీజు పడతాయి. అందుకని మన దేశంలోనే చేతిలో ఉన్న ఒరిజినల్‌కు కొంచెం ఎక్కువే పలుకుతుంది. కానీ మనం బయటికి అమ్మాలంటే ఆ భారం కొనేవాని మీద పడి, మనకొచ్చేది తగ్గుతుంది. కాబట్టి హైదరాబాద్, బెంగళూరు కలెక్టర్ల గ్రూపుల్లో నిజంగా చేతులు మారిన రేటే మీ లెక్కకు ఆధారం.

ఇక పోకెమాన్. దొంగ క్యాసెట్లు ఎక్కువగా వచ్చేది దీనికే. అక్కడికక్కడ ఇవి చూడండి:

ఎమరాల్డ్ పెంకు వెలుతురు దూరే ఆకుపచ్చ రంగులో ఉండాలె, ఫైర్‌రెడ్ పెంకు వెలుతురు దూరనిది. లేబుల్ మీద ఎమరాల్డ్ అమెరికా కాపీకి ఏజీబీ-బీపీఈఈ-యూఎస్ఏ, ఫైర్‌రెడ్‌కు ఏజీబీ-బీపీఆర్ఈ-యూఎస్ఏ అని ఉంటుంది. లేబుల్‌ను టార్చ్ కింద ఏటవాలుగా పట్టుకుంటే ఫ్యాక్టరీలో నొక్కిన రెండంకెల గుర్తు లోతుగా కనిపిస్తుంది. కింద పిన్నుల సందులోంచి చూస్తే బోర్డు మీద నింటెండో పేరు కనిపించాలె. వెనక స్క్రూకు మూడు గీతలుంటాయి. ప్లస్ స్క్రూ ఉంటే ఎవరో విప్పారు, లేదా దొంగది.

ఇక బ్యాటరీ సంగతి. ఎమరాల్డ్‌లో సీఆర్1616 బ్యాటరీ గడియారం కోసమే, సేవ్ ఫ్లాష్ మెమరీలో ఉంటుంది. ఇన్నేళ్ల తర్వాత ఒరిజినల్ క్యాసెట్‌లో ఆ బ్యాటరీ చాలావరకు అయిపోయి ఉంటుంది. గేమ్ ఆన్ చేయగానే లోపలి బ్యాటరీ అయిపోయిందని, గేమ్ ఆడొచ్చు కానీ గడియారం మీద నడిచేవి జరగవని తెర మీద వస్తుంది. ఆ మాట చూసి "పాడైంది" అని వెనక్కి రావొద్దు, కానీ దొంగ క్యాసెట్లలో కూడా అది రావొచ్చు, అదొక్కటే చూసి ఒరిజినల్ అనుకోవద్దు. ఫైర్‌రెడ్‌లో అసలు బ్యాటరీయే ఉండదు, విప్పితే బ్యాటరీ కనిపించిందంటే దొంగది. రెండింటిలోనూ సేవ్ చేసి, క్యాసెట్ బయటికి తీసి పది నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. బోర్డు మీద నల్లని గుండ్రటి జిగురు ముద్ద ఉంటే ఇంకేమీ చూడక్కర్లేదు, దొంగది.

"హనుమాన్" గురించి ప్రత్యేకంగా చెప్పాలె. 2009లో హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ పీఎస్2 కోసం చేసిన గేమ్ అది. గేమ్‌శాస్త్ర చేసిన "దేశీ అడ్డా" కూడా అదే ఏడాది వచ్చింది, హైదరాబాద్‌దే. మన దేశంలో అమ్మిన గేములు కాబట్టి పాల్ పీఎస్2 సెట్టు మొత్తం నింపుకునే బయటి కలెక్టర్లకు ఇవి దొరకడం కష్టం. గేమ్ ఎట్లుందన్నది వేరే మాట, దాని విలువ కొరతలో ఉంది. దానికి అతికించిన ఎమ్మార్పీ స్టిక్కరు పీకొద్దు, ఇక్కడి దుకాణంలో అమ్మిన కాపీ అనడానికి అదే సాక్ష్యం. సీలు ప్లాస్టిక్‌కు వరుసగా చిన్న గాలి రంధ్రాలుంటే దుకాణంలో హీట్ గన్‌తో మళ్లీ వేసిన సీలు కావచ్చు. అనుమానముంటే విప్పిన కాపీ రేటే ఇవ్వండి.

జగిత్యాల_సోల్డర్:

మిషన్ల సంగతి నేను చెప్తా. పార్లర్ పీఎస్2 అంటే రోజంతా నడిచిన మిషన్, ఎక్కువ శాతం కాపీ డిస్కులు నడిచేటట్టు చిప్పు కొట్టించినవే ఉంటయి. లెన్స్ అరిగి ఉంటదని ముందే అనుకొని పోవాలె. పోయేటప్పుడు ఒక ఒరిజినల్ డీవీడీ గేమ్, ఒక ఒరిజినల్ సీడీ గేమ్ (అడుగు నీలంగ ఉండేది) పట్టుకపోండి. లెన్స్ ఒకటి చదివి ఒకటి వదిలేస్తదంటే దాని కాలం దగ్గర పడ్డట్టే. అరగంట నడపండి, చల్లగ ఉన్నప్పుడు చదివి వేడెక్కినంక డిస్క్ రీడ్ ఎర్రర్ ఇచ్చేవి మస్తుంటయి. కాపీ డిస్కుతోని మాత్రమే చూపిస్తే ఒప్పుకోవద్దు.

లావు మిషన్లకు కేహెచ్ఎస్-400సీ లెన్స్, స్లిమ్ముకు ఎస్‌పీయూ-3170 దొరుకుతయి. స్లిమ్ముల మోడల్‌ను బట్టి లెన్స్ పట్టీ (రిబ్బన్ కేబుల్) తేడా ఉంటది, స్టిక్కరు మీద నంబరు రాసుకోకుండ లెన్స్ కొనొద్దు. 70000 సిరీస్ స్లిమ్ముల లెన్స్ కాలిపోయే జబ్బుంది. లెన్స్ ఒక్కటే మారిస్తే కొత్తది కూడ కాలుతది, డ్రైవర్ సర్క్యూట్ చూడాలె. 90000 సిరీస్‌ల పవర్ సప్లై లోపలే ఉంటది, ముందు స్లిమ్ములకు 8.5 వోల్టుల అడాప్టర్ బయట ఉంటది. అది లేకుంటే రేటు మీదికెళ్లి తగ్గించున్రి.

లావువి 30000, 50000 సిరీస్ అయితే వెనక హార్డ్ డిస్క్ పెట్టే ఖాళీ ఉంటది. నెట్‌వర్క్ అడాప్టర్ దొరికితే లెన్స్ పోయినా గేములు నడుస్తయి. అందుకే లెన్స్ పోయిన లావు మిషన్‌కు విలువుంటది, లెన్స్ పోయిన స్లిమ్ముకు తక్కువ. మెమరీ కార్డులు కూడ చూడున్రి, 8 ఎంబీ కన్నా పెద్ద సైజులు రాసి ఉన్నయి చాలా వరకు సోనీవి కావు, సేవులు చెడగొడతయి.

క్యాసెట్ పిన్నుల్ల నోటితోని ఊదొద్దు. ఉమ్మి తడికి పిన్నులు చిలుము పడతయి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూది పుల్లకు అద్ది తుడిచి, రెండు మూడు నిమిషాలు ఆరనియ్యాలె. పెన్సిల్ రబ్బరుతోని రుద్దితే పూత లేస్తది. ఎస్పీ మడిచే కీలు దగ్గర పగుళ్లు చూడున్రి, బ్యాటరీ మూత ఉబ్బి ఉంటే ఛార్జింగ్ పెట్టొద్దు.

డబ్బా టీవీ వదలొద్దు. టీవీ గేముల గన్ను ఎల్సీడీ, ఎల్ఈడీ టీవీల మీద పనిచెయ్యదు. గన్ను చూసేది పిక్చర్ ట్యూబ్ మీద ఆ క్షణంల వచ్చే వెలుగును, కొత్త టీవీల ఆ సమయం తప్పుతది. టీవీ మాత్రం విప్పొద్దు, ప్లగ్గు పీకినంక కూడ లోపల వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు.

ఓరుగల్లు_జాయ్‌స్టిక్:

పొయ్యి చూసిన అన్నా. ఎమరాల్డ్‌ల బ్యాటరీ మెసేజ్ వచ్చింది, బోర్డు మీద పేరు కూడ ఉంది. ఫైర్‌రెడ్‌ల నల్ల ముద్ద కనిపించింది. మిగతా 7 గేమ్‌బాయ్ క్యాసెట్లల్ల 3 ఒరిజినల్. ఒక 50000 లావుది రెండు రకాల డిస్కులు చదివింది, ఇంకొకటి ఏదీ చదువలే. స్లిమ్ములు రెండూ 77000, ఒకటి డీవీడీ మాత్రమే చదువుతుంది. హనుమాన్ సీలుకు రంధ్రాలు లేవు, స్టిక్కరు ఉంది. మెగా డ్రైవ్‌కు అడాప్టర్ లేక చూడలే. టీవీ నడుస్తుంది.

ఇందూరు_కలెక్టర్:

అయితే రేటు మూడు ముక్కలుగా కట్టండి. ఎమరాల్డ్, 3 గేమ్‌బాయ్ క్యాసెట్లు, హనుమాన్, బాగ చదివే పీఎస్2లు, ఎస్పీ: వీటికి అమ్ముడైన రేటులో 70 శాతం. మళ్లీ అమ్మాలంటే నెలలు పట్టొచ్చు, ఆ 30 శాతం దానికి. చదవని మిషన్లకు, సగం చదివే స్లిమ్ముకు విడిభాగాల రేటు. ఫైర్‌రెడ్, కాపీ డిస్కులు, సంచిలో క్యాసెట్లు సున్నా. 18 ఒరిజినల్ డిస్కుల్లో అరుదైనవి రెండో మూడో ఉంటే వేరే లెక్క, మిగతావి కలిపి ఒక రేటు. ఈ మొత్తం 45,000 లోపు ఎంతొస్తే అంతే మీ చివరి మాట. ఓనరుకు కాగితం మీద వరుసగా రాసి చూపిస్తే గొడవుండదు, ఆయనకు తెలియని విలువ ఏదైనా ఉంటే అది కూడా అందులో రాయండి. హనుమాన్‌ను తక్కువ చేసి తీసుకోవడం నాకు నచ్చదు.

కాజీపేట_8బిట్:

నేనైతే హనుమాన్, ఎమరాల్డ్ రెండూ ఇప్పుడే అమ్ముమని చెప్పను. మిగతాది అమ్మి పెట్టుబడి తీసుకోండి. పీఎస్2 డిస్కులు మాత్రం ఆపుకుంటే పెరుగుతయని ఆగొద్దు, అవి ఇంకా ఇండ్లల్ల కుప్పలుగ ఉన్నయి. హైదరాబాద్‌కు మిషన్ పంపితే ఆర్టీసీ కార్గోల డబ్బాల డబ్బా పెట్టి పంపండి, లోపలి డబ్బా చుట్టూ నాలుగు వేళ్ల మందం బబుల్ ర్యాప్ ఉండాలె. పీఎస్2ల డిస్కు పెట్టి పంపొద్దు, లెన్స్‌కు తగులుతది. ఎస్పీల లిథియం బ్యాటరీ ఉంటది కాబట్టి విమానంల పోయే కొరియర్ అయితే ముందే అడగండి.

జగిత్యాల_సోల్డర్:

మెగా డ్రైవ్ అడాప్టర్‌కు కోఠి గుజరాతీ గల్లీల దొరుకుతది, కాని పోలారిటీ (ప్లగ్గుల ప్లస్, మైనస్ ఏ దిక్కున్నయో) చూడకుండ కొనొద్దు. మొదటి మోడల్‌కు 9 నుంచి 10 వోల్టుల డీసీ, 1.2 ఆంపియర్, నడుమ పిన్ను మైనస్. చిన్నగ ఉండే రెండో మోడల్‌కు నడుమ పిన్ను ప్లస్, ప్లగ్గు సైజు కూడ వేరే. రెండూ సెగావే అని ఒకటి తీసి ఇంకోదానికి పెట్టొద్దు. ముందు మిషన్ కింద స్టిక్కరు ఫోటో పెట్టున్రి, ఏ మోడలో చెప్తా. దుబాయ్ క్యాసెట్లల్ల దొంగవి ఎక్కువ, ఆ ఆరూ విప్పి బోర్డు మీద సెగా పేరు చూసినంకనే లెక్కల కలపున్రి.