ఫాస్ట్‌ఫుడ్ ఉద్యోగానికి మత్తుమందుల పరీక్ష: దగ్గు సిరప్పు, గసగసాల వల్ల ఇబ్బంది వస్తుందా?

మాది భీమవరం దగ్గర ఒక పల్లెటూరు. డిగ్రీ పూర్తి చేసిన మా తమ్ముడు రాజమహేంద్రవరంలోని ఒక బర్గర్ల దుకాణంలో కౌంటర్ పనికి దరఖాస్తు చేసుకోగా, ఇంటర్వ్యూ ముగిసిన వెంటనే, చేరే ముందు మత్తుమందుల కోసం మూత్ర పరీక్ష చేయించుకుని రావాలని అక్కడివారు చెప్పారు. ఆహారాన్ని తాకే సిబ్బందికి ఏడాదికొకసారి వైద్య పరీక్ష జరగాలని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల్లో ఉంది గానీ, అది అంటువ్యాధులు సోకినవారిని గుర్తించడానికి పెట్టినదని నా అవగాహన.

వాడికి ఏ వ్యసనమూ లేదు. వక్కపొడి కూడా ముట్టడు. అయితే పోయిన వారం డాక్టరు రాసిచ్చిన దగ్గు సిరప్పు సీసా మీద కోడీన్ (నల్లమందు జాతికి చెందిన మందు) అని ఉంది. పైగా గసగసాలూ కొబ్బరీ వెన్నలా నూరి వేయనిదే మా అమ్మకు కోడికూర వండినట్టే ఉండదు. గసగసాలు తిన్నా మూత్రంలో మార్ఫిన్ (నల్లమందులో ఉండే మత్తు పదార్థం) కనబడవచ్చని, ఆ కారణంగానే అమెరికాలో ప్రభుత్వోద్యోగుల పరీక్షలో పాజిటివ్‌గా లెక్కించే హద్దును 1998లో మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2000కు పెంచారని చదివాను.

ఇటువంటి పరీక్షకు వెళ్లినవారు గానీ, ల్యాబుల్లో పనిచేసేవారు గానీ దయచేసి చెప్పగలరు. మందుల చీటీని నమూనా ఇచ్చే ముందే చూపించాలా, లేక ఫలితం వచ్చాక చూపినా చెల్లుతుందా? మొదటి పరీక్షలో పాజిటివ్ వస్తే, అదే నమూనాను మరింత కచ్చితమైన పద్ధతిలో మళ్లీ పరీక్షించమని అడిగే వీలుంటుందా? ఆ ఖర్చు ఎవరు భరిస్తారు? సోమవారం ఉదయం వాడు ల్యాబుకు వెళ్లాలి.