ఖాళీగా దొరికిన షాట్‌ను మన పిల్లలు ఎందుకు వదిలేస్తున్నారు?

జేఎన్‌ఎస్ గ్యాలరీ:
మొన్న హన్మకొండలో జరిగిన ఇంటర్ కాలేజియేట్ బాస్కెట్‌బాల్ సెమీస్ చూడనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. అవతలి జట్టు మ్యాచ్ మొత్తం 2-3 జోన్ ఆడింది, అంటే ఒక్కొక్కరి వెంట పడకుండా ఎవరి చోటు వాళ్లు కాపలా కాశారు. ముందు ఇద్దరు, వెనక ముగ్గురు, రింగు కింద గుంపు. కార్నర్లు రెండూ ఖాళీ. నాలుగు పాసుల్లో బంతి కార్నర్‌కు చేరుతోంది. అక్కడున్న మన కుర్రాడు పట్టుకుంటాడు, రింగు వైపు చూస్తాడు, ఎదురుగా ఎవరూ లేకపోయినా కొట్టబోతున్నట్టు ఫేక్ ఇస్తాడు, తర్వాత డ్రిబుల్ చేసుకుంటూ సరాసరి ముగ్గురి మధ్యలోకి పోతాడు. లేదంటే వెనక్కి, ఆట నడిపే పాయింట్ గార్డుకు ఇచ్చేస్తాడు. ఆఖరి క్వార్టర్ అంతా ఇదే. షాట్ కొట్టడానికిచ్చే 24 సెకన్లు అయిపోవస్తుంటే ఎవరి చేతిలో ఉంటే వాళ్లు విసిరేశారు.

ఇది పిరికితనం కాదు, బెంచ్ మీది కోచ్ నేర్పిన అలవాటు అని నా వాదన. మొదటి క్వార్టర్‌లో ఒకడు అదే కార్నర్ నుంచి ధైర్యంగా కొట్టాడు. రింగుకు తగిలి బయటికొచ్చింది. బంతి ఆగగానే వాణ్ని బయటికి పిలిచారు. కోర్టులో ఉన్న నలుగురూ అది చూశారు. గుంపులోకి డ్రిబుల్ చేసి బంతి పోగొట్టినవాణ్ని మాత్రం ఎవరూ పిలవలేదు. ఇక ఎవడు కొడతాడు?

పాత సెంటర్:
తమ్మీ, నువ్వు చెప్పింది సగమే. ఖాళీగ ఉన్న ప్రతోడు కొట్టాల్నంటే ఆట ఆగమైతది. అవతలి కోచ్‌కు తెలివి లేకనా కార్నర్ వదిలేసింది? ఎవడు కొట్టలేడో చూసుకొని వాని కాడికి మనిషిని పంపలే. నేను కాలేజీల పోస్ట్ ఆడిన, అంటే రింగు కాడ ఆడే సెంటర్‌ను. బాల్ లోపటికొస్తే రెండు పాయింట్లన్న వస్తయి, ఫౌలన్న దొరుకుతది. వాళ్ల పొడుగు పిలగానికి నాలుగు ఫౌలులైనంక జోన్ దానంతట అదే సడలుతది. బయట నుంచి కొట్టి తప్పితే రీబౌండ్, అంటే తగిలి తిరిగొచ్చే బాల్, దూరం పోతది, వాళ్లు ఉరుకుతరు, మనోళ్లు చూస్తరు. కోచ్ ఊకెనే బయటికి పిలువలే.

లెక్కల మాస్టారు:
ఫౌల్ సంగతి నిజమే అన్నా, కానీ ఫౌల్‌కు దొరికే ఫ్రీ త్రోలు వేసేవాళ్లు ఉండాలిగా. ఈ లెక్క చూడండి. త్రీ పాయింట్ గీత బయట నుంచి పడితే మూడు పాయింట్లు, లోపలి నుంచి పడితే రెండు. కార్నర్ నుంచి పదిసార్లు కొట్టి మూడు వేసేవాడు 9 పాయింట్లు తెస్తాడు. ముగ్గురి మధ్య నుంచి పదిసార్లు కొట్టి నాలుగు వేసేవాడు తెచ్చేది 8. షాట్ దాకా చేరకుండానే పోయిన బంతులు ఈ రెండో లెక్కలో లేనే లేవు. షాట్ తప్పితే రీబౌండ్ ఆశయినా ఉంటుంది, చేతిలోంచి లాక్కుపోయిన బంతికి అదీ ఉండదు.

షాట్ కొట్టకుండా నాన్చడం ఈ ఆటకు కొత్త కాదు. 1950లో ఫోర్ట్ వేన్ పిస్టన్స్ జట్టు బంతిని ఊరికే పట్టుకుని నిలబడి మినియాపొలిస్ లేకర్స్‌ను 19–18తో ఓడించింది. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ మ్యాచ్ స్కోరు అది! ఇలాంటి ఆటలతో జనం విసిగిపోయాక 1954లో 24 సెకన్ల గడియారం పెట్టారు. మంచి మ్యాచ్‌లో రెండు జట్లూ కలిపి 120 షాట్లు కొడతాయనుకుని, 48 నిమిషాలకున్న 2,880 సెకన్లను 120తో భాగిస్తే వచ్చిన అంకె ఆ 24. గడియారం పెట్టిందే షాట్ కొట్టించడానికి.

కాజీపేట జంక్షన్:
మాస్టారూ, మీ పదికి మూడు ఎక్కణ్నుంచి వచ్చింది? అసలు ప్రశ్న అదే కదా. ఒకసారి మన కాలేజీ కోర్టు చూడండి. సిమెంటు మీద రెండు త్రీ పాయింట్ గీతలున్నాయి. 2010కి ముందు ఆ గీత 6.25 మీటర్లు, తర్వాత 6.75 అయింది, కార్నర్‌లో 6.60. పాతది చెరపకుండానే కొత్తది గీశారు. కొత్త గీతకు వేసిన రంగు నాసిరకం, ఎండకూ వానకూ వెలిసిపోయి ఇప్పుడు పాతదే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పిల్లలు రోజూ దాని దగ్గరే నిలబడి కొడతారు. మ్యాచ్‌కు వెళ్తే గీత వెనక్కి జరిగి ఉంటుంది, చేతికి ఆ దూరం అలవాటే లేదు. వాళ్లకు పదికి మూడు పడతాయా, ఒకటే పడుతుందా? ఎవరైనా రాసిపెట్టారా? రాసిపెట్టకుండా కొట్టమనడం ఎంత తప్పో, కొట్టొద్దనడం కూడా అంతే తప్పు.

నంబర్ 11:
అన్నలకు నమస్తే. నేను ఆ మ్యాచ్ ఆడిన. కొట్టొద్దని మాకు ఎవరూ చెప్పలే. కని బాల్ నా దగ్గరికి వస్తున్నప్పుడు నా మోకాళ్లు నిటారుగ ఉంటయి, ఎందుకంటే మళ్ల పాస్ ఇద్దామనే నిలబడ్డ. పట్టుకున్నంక తెలుస్తది ఖాళీ అని. అప్పుడు కాళ్లు సర్దుకోవాలె, మోకాళ్లు వంచాలె. అంతల డిఫెండర్ చెయ్యి లేపుకుంట ఉరికొస్తడు. గ్యాలరీ నుంచి మీకు ఎవరూ లేనట్టే కొడ్తది, నాకు వాడు వస్తున్నది కనపడ్తది. అందుకే ఫేక్ ఇస్త.

ఇంకోటి చెప్పాలె. నేను సెకండియర్. ఫైనలియర్ అన్నలు చెయ్యి లేపి బాల్ అడుగుతుంటే నేను కొట్టి తప్పితే, తిరిగొచ్చేటప్పుడు బస్సుల ఎవ్వరూ నాతోని మాట్లాడరు. తిడితే నయం అనిపిస్తది. అదే పాస్ ఇచ్చినంక అన్న తప్పితే నన్నెవరూ ఏమనరు.

హంటర్ రోడ్:
తమ్ముడూ, బాధ అర్థమైంది గానీ దీన్ని భయమనే అంటారు. 2021 జూన్‌లో ఎన్‌బీఏ ప్లేఆఫ్స్ (నాకౌట్ దశ), ఫిలడెల్ఫియా, అట్లాంటా ఏడో మ్యాచ్ గుర్తు తెచ్చుకోండి. ఆఖరి క్వార్టర్, రెండు పాయింట్ల తేడా. ఫిలడెల్ఫియా ఆటగాడు బెన్ సిమన్స్ రింగు కిందికి వచ్చేశాడు, చెయ్యి లేపితే డంక్. పక్కవాడికి పాస్ ఇచ్చాడు. ఆ పక్కవాడి మీద ఫౌల్ చేశారు, రెండు ఫ్రీ త్రోల్లో ఒకటే పడింది. 103–96తో మ్యాచ్ పోయింది, సీజనూ పోయింది. 2016 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు, మొదటి పిక్ అతను. కొట్టే గుండె కొందరికే ఉంటుంది, కోచ్‌ను అని లాభం లేదు.

జేఎన్‌ఎస్ గ్యాలరీ:
ఆ ఉదాహరణ నా వాదనకే బలం భాయ్. ఆ ప్లేఆఫ్స్‌లో సిమన్స్ ఫ్రీ త్రోలు నూటికి 34 మాత్రమే పడ్డాయి. డంక్‌కు లేస్తే ఫౌల్ చేస్తారు, అందరూ చూస్తుండగా లైన్ మీద ఒంటరిగా నిలబడాలి. అతను దాన్నే తప్పించుకున్నాడని నాకనిపిస్తుంది. తర్వాత ఏమైంది? సొంత జట్టువాడు ఎంబీడ్ మ్యాచ్ ఆ బంతి దగ్గరే తిరగబడిందని విలేకరుల ముందు చెప్పాడు. టైటిల్ గెలిచే జట్టుకు సిమన్స్ పాయింట్ గార్డు కాగలడా అని కోచ్ డాక్ రివర్స్‌ను అడిగితే, దానికి జవాబు తనకు తెలియదన్నాడు. సిమన్స్ ఆ జట్టుకు మళ్లీ ఒక్క మ్యాచ్ ఆడలేదు, 2022 ఫిబ్రవరిలో బ్రూక్లిన్‌కు పంపేశారు. నలుగురిలో నిలదీసి వాళ్లు సాధించింది అది. మన నంబర్ 11 బస్సులో పడుతున్నదీ అదే. ఇక్కడ సీనియర్లు మౌనంగా చేస్తున్నారు, అంతే తేడా.

కరీంనగర్ లెఫ్టీ:
తమ్ముడు మోకాళ్ల సంగతి అంత మంచిగ చెప్తే ఎవరూ పట్టుకోలే. నేను అమ్మాయిల జట్టుకు ఆడిన, ఇప్పుడు స్కూల్ పిల్లలకు నేర్పిస్తున్న. ధైర్యంగ కొట్టమని ఎంత చెప్పినా మోకాళ్లు వంగవు. మా ప్రాక్టీస్ మ్యాచ్‌ల ఒక రూల్ పెట్టిన. ఖాళీగ ఉండి కొట్టకపోతే బాల్ అవతలి జట్టుకు పోతది. కొట్టి తప్పితే ఏం లేదు, ఆట నడుస్తనే ఉంటది.

మొదట్ల అంత ఆగమాగం. బోర్డుకు కూడ తగలని షాట్లు. పోను పోను పిల్లలు బాల్ రాకముందే మోకాళ్లు వంచి, చేతులు ఛాతీ ముందట పెట్టుకొని నిలబడుడు మొదలువెట్టిన్రు. పట్టుకున్నంక ఆలోచించే టైమ్ ఉండదు కదా. షాట్ పోతదని మిగిలినోళ్లకు ముందే తెలుసు, రీబౌండ్‌కు జాగ పట్టుకుంటున్నరు. సెంటర్ అన్నా, కార్నర్ షాట్ తప్పితే ఎక్కువసార్లు అవతలి పక్కకే పడ్తది. అక్కడ ఒకర్ని పెట్టున్రి, వాళ్లు ఉరుకుడు తగ్గుతది.

పాత సెంటర్:
ఖాళీ అంటే ఎంత ఖాళీ చెల్లె? ఎవరు చెప్పాలె?

కరీంనగర్ లెఫ్టీ:
డిఫెండర్ చెయ్యి చాపితే బాల్ అందకపోతే ఖాళీ. విజిల్ నా దగ్గర ఉంటది, నేను చెప్త. కొన్ని రోజులైనంక పిల్లలే ఒప్పుకుంటరు.

పాత సెంటర్:
రూల్ మంచిగుంది. కని అందరికి ఒద్దు అనే నా మాట. కాజీపేట తమ్ముడన్నట్టు కాగితం మీద రాయిన్రి. కొత్త గీత కాడ, ఉరికి అలిసినంక, ఒక్కొక్కడు ఎన్ని వేస్తున్నడో. అది చూసి ఇద్దరికో ముగ్గురికో ఖుల్లగ చెప్పాలె, తప్పినా నిన్ను కూసోవెట్టం అని. మిగిలినోళ్లు పాస్ ఇయ్యాలె, సీనియరైనా సరే. మా జట్టుల బయట నుంచి కొట్టెటోడు ఒక్కడుండె. వాడు కోర్టుల ఉంటే నా మీద ఒక్కడే పడుతుండె. వాడు బెంచ్ మీదికి పోంగనే ముగ్గురు పడుతుండిరి. అందుకే చెప్తున్న, కొట్టెటోనికి అడ్డం పడొద్దు, కొట్టరానోన్ని ఎగదొయ్యొద్దు.

జేఎన్‌ఎస్ గ్యాలరీ:
కాగితం సరే అన్నా. కానీ అందులో పేరు లేనివాణ్ని కార్నర్‌లో ఎందుకు నిలబెట్టాలి? కబడ్డీలో కూడా వరసగా రెండు రైడ్లు ఖాళీగా తిరిగొస్తే ప్రొ కబడ్డీలో మూడోది డూ ఆర్ డై కదా, పాయింట్ తేకపోతే అవుటే. ఇక్కడ కార్నర్‌లో ఉన్నవాడు ప్రతిసారీ ఖాళీగా వెనక్కి ఇస్తుంటే, అవతలివాళ్లు రెండో క్వార్టర్‌కే కనిపెట్టి వాణ్ని వదిలేసి మీ సెంటర్ మీద పడతారు. మీరు చెప్పిన ముగ్గురూ అలాగే వచ్చారు. కొట్టనివాణ్ని అక్కడి నుంచి తీసి రింగు దగ్గరికి పరుగు తీయించండి, లేదా వాడికీ నేర్పించండి.

నంబర్ 11:
కెప్టెన్ అన్నతోని మాట్లాడిన. ఎవరివి ఎన్ని పడ్తున్నయో రాసుడు తను చేస్తనన్నడు. సార్‌ను ఇద్దరం కలిసి అడుగుతం, షాట్ తప్పినందుకు వెంటనే బయటికి తీయొద్దని. ఒప్పుకుంటడో లేదో చూడాలె. కొత్త గీతకు రంగు ఎవరన్న ఇప్పిస్తరా?

కాజీపేట జంక్షన్:
రంగు నేను తెస్తా, కొలత టేపు కూడా. మీ సార్‌ను అడిగి పర్మిషన్ తీసుకో. ఆదివారం పొద్దున ఎండెక్కకముందే గీసేద్దాం, ఒక నలుగురు రండి.