ఒక్క పైలట్ 352 విమానాలు కూల్చడం నిజమేనా? ఎరిక్ హార్ట్‌మాన్ గురించి తెలిసినోళ్ళు చెప్పండి

కోనసీమ కుర్రోడు (అమలాపురం):
నమస్తే అండి. 1942 ఏప్రిల్ 6న మన కాకినాడ మీద జపానోళ్ళు బాంబులేసిన సంగతి చదువుతూ చదువుతూ అలా రెండో ప్రపంచ యుద్ధం పైలట్ల మీదకెళ్ళిపోయాను, అక్కడ ఈ జర్మన్ హార్ట్‌మాన్ తగిలాడు. 352 అంట! అవతల రష్యావాళ్ళలో టాప్ అయిన కొజెదుబ్‌కే అరవై పైచిలుకు, మరి ఇంత తేడా ఎలాగండీ? మా తమ్ముడైతే అదంతా హిట్లర్ ప్రచారం, వదిలెయ్ అన్నయ్యా అంటున్నాడు.

చెరువుగట్టు (భీమవరం):
ప్రచారం అని పూర్తిగా కొట్టిపారేయలేం తమ్ముడూ. అలాగని 352కి 352 పక్కా అని కూడా అనకూడదు, గాల్లో గందరగోళంలో అన్ని దేశాలోళ్ళూ ఎక్కువే రాసుకున్నారు, ఈయన లెక్కలో కొన్నిటి మీద ఇప్పటికీ వాదన ఉంది. కానీ అసలు కారణం వేరే. అమెరికా, బ్రిటన్ వాళ్ళు కొన్నాళ్ళు ఫ్రంట్‌లో ఎగిరాక పైలట్‌ని వెనక్కి పిలిచి ట్రైనింగ్ పనిలో పెట్టేవారు, జర్మన్లకి అదేం లేదు, చచ్చేదాకానో యుద్ధం అయ్యేదాకానో ఎగరడమే. ఈయన 1942 అక్టోబర్‌లో జేజీ 52 అనే యూనిట్‌లో చేరి చివరిదాకా 1400 సార్లకి పైగా ఎగిరాడు. పైగా తూర్పు ఫ్రంట్‌లో ఎటు చూసినా రష్యా విమానాలే. ఆ యూనిట్‌లోనే బార్క్‌హార్న్‌కి 301, రాల్‌కి 275 ఉన్నాయంటే చూడండి, ఇది ఒక్కడి గొప్పే కాదు.

లాకుల దగ్గర (పాలకొల్లు):
పై అన్న చెప్పింది కరెక్టే గానీ ఆయన పద్ధతి కూడా చెప్పుకోవాలండి. గిరగిరా తిరుగుతూ కొట్టుకోవడం ఆయనకి ఇష్టం లేదు. ముందు చూడు, కొట్టాలో వద్దో తేల్చుకో, కొట్టు, వెళ్ళిపో, అంతే. మన కాలవ గట్టున లకుముకి పిట్ట ఎలా కూర్చుంటుందో అలా పైన కాచుకుని ఒక్కసారి దిగి పైకెళ్ళిపోడం. ఎదుటి విమానం అద్దం నిండా కనపడేదాకా తుపాకీ నొక్కేవాడు కాదు, దాంతో పేలిన ముక్కలొచ్చి ఈయన మెస్సర్‌ష్మిట్ విమానానికే తగిలేవి. 1943 ఆగస్టులో అలాగే ముక్కలు తగిలి రష్యావాళ్ళ వైపు దిగాల్సొచ్చింది. లోపల దెబ్బ తగిలినట్టు కడుపు పట్టుకుని నటిస్తే నిజమే అనుకుని లారీ ఎక్కించారు, దారిలో స్టూకాలనే జర్మన్ బాంబర్ విమానాలు పైనుంచి వచ్చేసరికి కాపలావాణ్ణి కొట్టి దూకి పొద్దుతిరుగుడు చేలో పడి పారిపోయాడు. రాత్రిపూట నడుచుకుంటూ సొంత వాళ్ళ దగ్గరికొస్తే శత్రువనుకుని సెంట్రీ కాల్చాడు, గుండు ప్యాంటులోంచి దూసుకుపోయింది. ఇటు ఆయన మెకానిక్ మెర్టెన్స్ ఉండబట్టలేక తుపాకీ పట్టుకుని ఒక్కడే వెతకడానికి బయల్దేరాడు. నాకు ఈ మెకానిక్కే ఎక్కువ నచ్చుతాడండి.

రేవు సుబ్బలక్ష్మి (రాజమండ్రి):
అందరూ స్కోరే మాట్లాడుతున్నారు బాబూ, ఆ కూలిన ప్రతి విమానంలోనూ ఎవరో కన్నబిడ్డే ఉన్నాడు, హిట్లర్ చేతుల మీదుగా వజ్రాల పతకం తీసుకున్న మనిషి ఈయన, అది మర్చిపోతే ఎలా? ఆ తర్వాత బతుకు కూడా చదవండి. 1945 మేలో అమెరికావాళ్ళకి లొంగిపోతే వాళ్ళు రష్యాకి అప్పగించేశారు, పదేళ్ళు జైళ్ళలోనే. ఆ టైములో పుట్టిన కొడుకు తండ్రి మొహం చూడకుండానే పసితనంలోనే పోయాడు. ఆయన భార్య ఉర్సులా మాత్రం అన్నేళ్ళూ ఎదురుచూసింది, 1955లో ఇంటికొచ్చాడు.

కోనసీమ కుర్రోడు:
అమ్మా, ఇది నాకు అస్సలు తెలీదు. వచ్చాక మళ్ళీ విమానం ఎక్కాడా?

చెరువుగట్టు:
ఎక్కాడు. పశ్చిమ జర్మనీ కొత్త ఎయిర్‌ఫోర్స్‌లో చేరి జేజీ 71 అనే యూనిట్‌కి మొదటి కమాండర్ అయ్యాడు. స్టార్‌ఫైటర్ జెట్లు కొంటుంటే మన కుర్రాళ్ళు దీనికింకా రెడీగా లేరు, వద్దని పైవాళ్ళతో గట్టిగా వాదించాడు, వాళ్ళు వినలేదు, ఈయనకే చెడ్డపేరొచ్చి 1970లో రిటైరైపోయాడు. ఆ జెట్లు జర్మనీ 900 పైనే కొంటే దాదాపు 300 కూలిపోయాయి, వందమందికి పైగా పైలట్లు పోయారు. నన్నడిగితే ఆయన చేసిన అన్నిట్లోకీ నిలబడాల్సింది ఆ వాదనే, మీ తమ్ముడికి ముందు అది చెప్పండి.