పక్కగాలిలో ల్యాండింగ్: చక్రాలు తాకాక విమానం ఎందుకు తిరిగిపోతుంది?

కావలి ట్రైనీ
మాది కావలి. వేరే రాష్ట్రంలో సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) ట్రైనింగ్‌లో ఉన్నాను, సెలవులకి ఇంటికొచ్చాను. ఈమధ్య మా బ్యాచ్‌మేట్ సోలోలో (ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా) సెస్నా 172 అనే చిన్న విమానం దించుతుంటే, చక్రాలు రన్‌వే మీద ఆనాక ముక్కు గాలి వచ్చేవైపు తిరిగి విమానం పక్కనున్న గడ్డిలోకి దూసుకుపోయింది. మనిషికి దెబ్బ తగల్లేదు. అప్రోచ్ (రన్‌వే వైపు దిగుతూ రావడం) బాగుంది, టచ్‌డౌన్ మెత్తగానే ఉంది. అప్పట్నుంచి పక్కగాలి అంటే నాకు టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఒంగోలు పైలట్
తమ్ముడూ, చక్రాలు ఆనాక యోక్ (విమానం స్టీరింగ్) ఎటు ఉందో ముందు ఆ అబ్బాయిని అడుగు. దిగేశాం కదా అని చాలామంది యోక్‌ని మధ్యకి వదిలేస్తారు. అప్పుడు గాలివైపు రెక్క లేస్తుంది, ఆ వైపు చక్రం మీద బరువు తగ్గుతుంది. తోక మీది నిలువు రెక్కను గాలి నెడుతూనే ఉంటుంది కాబట్టి ముక్కు గాలివైపుకి తిరుగుతుంది. స్పీడు తగ్గేకొద్దీ ఐలరాన్‌కి (యోక్ తిప్పితే రెక్క వెనక అంచున కదిలే పలకకి) పట్టు తగ్గుతుంది, అందుకని యోక్‌ని గాలివైపు అంతకంతకూ ఎక్కువ తిప్పాలి. ట్యాక్సీ స్పీడుకి వచ్చేసరికి పూర్తిగా తిరిగి ఉండాలి. ముక్కును తిన్నగా ఉంచే పని రడ్డర్ (తోక మీద కదిలే నిలువు పలక) పెడల్స్ తొక్కే కాళ్లది, రెక్కను అణచిపెట్టే పని చేతులది. విమానం ఆగేదాకా రెండూ వదలకూడదు.

సింగరాయకొండ
నేను పైలట్‌ని కాదన్నా, హైవే మీద రొయ్యల లోడు వ్యాన్ తోలతాను. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి తిరుగుతుంది. పక్కన పెద్ద లారీ పోతున్నంతసేపూ ఏమీ తెలియదు. దాన్ని దాటగానే గాలి ఒక్కసారిగా కొట్టి బండి పడమటి పక్కకి జరుగుతుంది. విమానానికీ ఇట్లాగే ఉంటుందా?

నెల్లూరు ఇన్‌స్ట్రక్టర్
సరిగ్గా పట్టుకున్నారు. రన్‌వే పక్కన హ్యాంగర్లో చెట్లో ఉంటే వాటి చాటున గాలి పడిపోతుంది, దాటగానే తగులుతుంది. ఆ చోటు ముందే తెలిసి ఉండాలి.

ట్రైనీ బాబూ, లెక్క ఒకటి నోటికి రావాలి. గాలి రన్‌వేకి 30 డిగ్రీల వారగా వస్తే అందులో సగం పక్కగాలి. 60 డిగ్రీలైతే దాదాపు మొత్తం. అంటే 18 నాట్ల (నాట్ అంటే గాలి వేగానికి కొలత) గాలి మొదటి దాంట్లో 9 నాట్లు, రెండో దాంట్లో 15 దాటుతుంది. 172 మాన్యువల్‌లో ఉన్న 15 నాట్లు టెస్ట్ పైలట్ చేసి చూపించిన అంకె. సోలో విద్యార్థి దాన్ని తన హద్దు అనుకోకూడదు. గాలి బలంగా ఉన్నప్పుడు ఫుల్ ఫ్లాప్స్ (దిగేటప్పుడు కిందికి దించే రెక్క వెనక పలకలు) కూడా వద్దు, రన్‌వే పొడవు సరిపోతే తక్కువ ఫ్లాప్స్‌తోనే దిగు.

కావలి ట్రైనీ
సార్, గో అరౌండ్ (దిగడం మానేసి మళ్లీ పైకి లేవడం) ఎప్పుడు చేయాలి? ఫ్లేర్ (చక్రాలు ఆనేముందు ముక్కు ఎత్తడం) దాకా వచ్చాక మనసొప్పదు.

నెల్లూరు ఇన్‌స్ట్రక్టర్
ఫ్లేర్ దాకా ఆగకు. ఫైనల్‌లో (రన్‌వేకి నేరుగా వచ్చే చివరి భాగంలో) కాస్త ఎత్తు ఉండగానే గాలివైపు రెక్క దించి, ఎదురు రడ్డర్‌తో ముక్కును సెంటర్‌లైన్‌కి తెచ్చి చూడు. రడ్డర్ పూర్తిగా తొక్కినా ముక్కు నిలవకపోతే, విమానం పక్కకి కొట్టుకుపోతుంటే, ఆ గాలికి ఆ రన్‌వే పనికిరాదు. వెంటనే పవర్ పెట్టి పైకి వెళ్లు. గాలికి ఎదురుగా ఉన్న ఇంకో రన్‌వే అడుగు, లేకపోతే వేరే ఎయిర్‌పోర్ట్‌కి మళ్లు. అందుకు సరిపడా ఫ్యూయల్ బయల్దేరేముందే చూసుకో.

ఒంగోలు పైలట్
ఇంకోటి. ముక్కు వంకరగా ఉండగా చక్రాలు ఆనితే గేర్ (చక్రాల కాళ్లు) మీద పక్కబరువు పడుతుంది, తిరగడం అక్కడే మొదలవుతుంది. గాలివైపు చక్రం ముందు ఆనాలి, రెండోది తర్వాత. ఒంటి చక్రం మీద దిగడం చూడ్డానికి భయంగా ఉన్నా పక్కగాలిలో అదే సరైన పద్ధతి.

కావలి ట్రైనీ
అర్థమైందన్నా. వెళ్లగానే గాలి ఉన్న రోజు చూసి మా ఇన్‌స్ట్రక్టర్‌తో డ్యూయల్ (ఆయన పక్కన ఉండగా ఎగరడం) అడుగుతాను. మా బ్యాచ్‌మేట్‌కి కూడా ఈ లింక్ పంపాను.