జోనీ మిచెల్ ‘బ్లూ’: ప్రయాణం పాటలా, ఎడబాటు పాటలా?

తీగలమోత:
కెనడా గాయని జోనీ మిచెల్ 1971 జూన్‌లో తెచ్చిన ‘బ్లూ’ని చాలామంది విరిగిన ప్రేమల ఆల్బమ్‌గానే వింటారు. నేను ఒప్పుకోను. 1970లో జోనీ మిచెల్ యూరప్‌లో తిరగకపోతే ఈ ఆల్బమ్ ఇలా ఉండేది కాదు. ఆధారం మాటల్లో కంటే వాయిద్యంలో ఎక్కువ దొరుకుతుంది. వీపున సంచీతో తిరగడానికి తేలిగ్గా ఉంటుందని డల్సిమర్ అనే తీగల వాయిద్యాన్నీ ఒక ఫ్లూట్‌నీ వెంట తీసుకెళ్లానని ఆవిడే చెప్పింది. డల్సిమర్‌ని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని సుతారంగా మీటుతారు. ఎవరైనా వాయిస్తుండగా ఆవిడ చూసి ఎరగదు, అందుకే చేత్తో చరిచి వాయించింది. ‘ఆల్ ఐ వాంట్’, ‘కేరీ’, ‘కాలిఫోర్నియా’, ‘ఎ కేస్ ఆఫ్ యూ’ నాలుగూ దానిమీదే. ఇంట్లో పియానో ముందు కూర్చుంటే ఆ లయ పుట్టేదా?

పాటలపిచ్చి:
లయ సంగతి సరేనండీ. మిగతా ఆరు పాటల మాటేమిటి? నాలుగు పియానోవి, రెండు గిటార్‌వి. ‘లిటిల్ గ్రీన్’ 1967లోనే రాసింది, దత్తతకిచ్చిన కూతురి గురించి. దానికీ, ఆ యాత్రలో ఆవిడ ఉన్న గ్రీస్ దీవి క్రీట్‌కీ ఏం సంబంధం? పైగా ఆవిడ లోకం చూద్దామని సరదాగా బయల్దేరలేదు. గాయకుడు గ్రాహం నాష్‌తో కాపురం ఊపిరాడనివ్వక వెళ్లింది, క్రీట్ నుంచే టెలిగ్రామ్ ఇచ్చి తెంచుకుంది. బాధ ముందు, ప్రయాణం తర్వాత.

దక్షిణగాలి:
నాది వేరే అభ్యంతరం. ఇది ప్రయాణం ఆల్బమే అయితే ఇందులో గ్రీస్ ఎక్కడుంది? 1967 నుంచి 1974 దాకా ఆ దేశంలో సైనిక పాలన. ఆవిడ ఉన్నది క్రీట్‌లోని మతాలా గుహల దగ్గర, విదేశీ హిప్పీల మధ్య. ‘కేరీ’లో ఆఫ్రికా వైపు నుంచి వీచే గాలి ఉంది, మాసిన గోళ్లున్నాయి, తెల్లటి బట్టల మీద బెంగ ఉంది. ఆ ఊరివాళ్లు, వాళ్ల భయాలు మాత్రం లేవు.

తీగలమోత:
దక్షిణగాలి గారూ, మీరన్నది నిజం. గ్రీస్ గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లకి ఈ ఆల్బమ్ ఏమీ ఇవ్వదు. కానీ ప్రయాణం పాట అంటే చూసిన ఊరి వర్ణనే కానక్కర్లేదు కదా. ‘కాలిఫోర్నియా’ వినండి. పారిస్‌లో కూర్చుని యుద్ధ వార్తలు చదువుతూ ఇంటిమీద బెంగపడుతుంది. ‘దిస్ ఫ్లైట్ టునైట్’లో విమానం ఎక్కాక ఎందుకెక్కానా అని కుమిలిపోతుంది. తీరా కాలిఫోర్నియాలో ఉంటే? ‘రివర్’లో గడ్డకట్టిన నది ఒకటుంటే దానిమీద జారుకుంటూ పారిపోయేదాన్ని అంటుంది. కెనడా చలిలో పెరిగిన మనిషికే వచ్చే కోరిక అది. దారిలో ఉంటే ఇల్లు, ఇంట్లో ఉంటే దారి. పాటలపిచ్చి గారూ, మీరు లెక్కపెట్టిన పియానో పాటల్లోదే ‘రివర్’ కూడా.

ఇంకో సంగతి. ఆల్బమ్ దాదాపు సిద్ధమయ్యాక పాత పాట ‘అర్జ్ ఫర్ గోయింగ్’ని తీసేసి, కొత్తగా ‘ఆల్ ఐ వాంట్’ని చేర్చింది. దాన్నే మొదటి పాటగా పెట్టింది. ఒంటరి దారిలో పోతున్నానంటూ మొదలయ్యే డల్సిమర్ పాట అది. విడిపోవడమే అసలు విషయమైతే దీంతో మొదలుపెట్టాల్సిన పనిలేదు.

పాటలపిచ్చి:
ఆ పాటలోనైనా ఆవిడ ఒక మనిషితోనే మాట్లాడుతోంది, దారితో కాదు. ప్రేమించాలని ఉంది, బాగుపడాలని ఉంది అని. పైగా ఆల్బమ్‌కి పేరిచ్చిన ‘బ్లూ’ పియానో పాట. దాన్నెక్కడ పెడతారు?

తీగలమోత:
ప్రయాణంలోనే పెడతాను. ఆ పాటంతా సముద్రమే కదండీ! తనని లంగరేసి ఆపమంటుంది, లేదంటే ఓడలా సాగిపోనివ్వమంటుంది.