స్టెర్క్‌ఫాంటైన్ గుహలు, సదర్లాండ్ టెలిస్కోపు: 5 రోజుల్లో రెండూ కుదురుతాయా?

మిరపతోట: జులైలో జొహానెస్‌బర్గ్ వెళ్తున్నాం. ఆదిమానవుల ఎముకలు దొరికిన గుహలు, సదర్లాండ్‌లోని సాల్ట్ అనే పెద్ద టెలిస్కోపు రెండూ చూడాలని. అమ్మకి మోకాళ్ల నొప్పులు. పాపేమో ఆ పెద్ద టెలిస్కోపులోంచే చుక్కలు చూస్తానంటోంది.

రాతిపొర: కుదురుతాయండీ. స్టెర్క్‌ఫాంటైన్ జొహానెస్‌బర్గ్‌కి 50 కిలోమీటర్లే, సగం రోజు చాలు. వరదల తర్వాత మూతపడి 2025 ఏప్రిల్‌లో మళ్లీ తెరిచారు. పాత బ్లాగుల్లోని వేళలు, టికెట్లు పట్టించుకోకండి. లోపల మెట్లెక్కువ, కొన్నిచోట్ల నడుం వంచి దూరాలి. అమ్మగారిని దింపొద్దు, దగ్గర్లోని మరోపెంగ్ మ్యూజియం ఆవిడకి హాయి.

ఈ గుహలో దొరికిన ఆదిమానవ జాతి అస్థిపంజరం లిటిల్ ఫుట్ ఇప్పుడు అక్కడ ఉండదు, జొహానెస్‌బర్గ్‌లోని విట్స్ యూనివర్సిటీలో భద్రపరిచారు. గుహలో చూడాల్సింది గోడ. సున్నపు నీళ్లు ఇంకి మట్టి, రాళ్లు, ఎముకలు ఒకే ముద్దగా బిగిసిపోయాయి. 1994లో శాస్త్రవేత్త రాన్ క్లార్క్‌కి జంతువుల ఎముకల పెట్టెలో ఈ లిటిల్ ఫుట్ పాదం ఎముకలు కనిపించాయి. 1997లో విరిగిన కాలి ఎముక కూడా దొరికితే, దాని అచ్చు తన సహాయకులకి ఇచ్చి మిగతా సగం గుహలో వెతకమన్నాడు. స్టీఫెన్ మొత్సూమి, న్క్వానే మొలెఫే చేతిదీపాలతో వెతికి, రెండు రోజుల్లో గోడలో సరిగ్గా అతికే ముక్క పట్టేశారు! పాపకి ఇది ముందే చెప్పి తీసుకెళ్లండి.

కారూచుక్క: సదర్లాండ్‌కి కేప్‌టౌన్ దాకా విమానం, అక్కణ్ణుంచి కారులో 370 కిలోమీటర్లు. ఎన్1 హైవే వదిలి మాట్యెస్‌ఫాంటైన్ దగ్గర తిరిగే ముందే పెట్రోలు నింపండి, ఆపైన 110 కిలోమీటర్లు ఖాళీ. పొద్దుగూకేలోపు చేరాలి, చీకట్లో జింకలు రోడ్డుకి అడ్డం వస్తాయి.

సాల్ట్‌లో కన్ను పెట్టి చూసే చోటే లేదు. 91 ఆరుమూలల అద్దాలు, ఒక్కోటి మీటరు వెడల్పు, వెలుగుని నేరుగా పరికరాలకి పంపుతాయి. అద్దం వాలు మారదు, చుక్క కదిలితే పైనున్న ట్రాకర్ అనే కదిలే పరికరం వెంబడిస్తుంది. పగటి టూర్‌లో దీన్ని చూపిస్తారు, రాత్రి టూర్‌లో సందర్శకులకి వేరే చిన్న టెలిస్కోపులు. రెండూ విడివిడిగా, ముందే బుక్ చేయాలి. అన్నట్టు, పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకా కూడా సాల్ట్ భాగస్వామే.

మిరపతోట: తేదీ ఎలా ఎంచుకోమంటారు?

కారూచుక్క: అమావాస్యకి అటూఇటూ. పున్నమి వెన్నెల్లో పాలపుంత వెలిసిపోతుంది. జులైలో అక్కడ నడిచలికాలం, 1,800 మీటర్ల ఎత్తు, రాత్రి సున్నా కిందకి పోతుంది. మన స్వెట్టర్ ఒక్కటే చాలదు, టోపీ, గ్లౌజులు, రెండు జతల సాక్సులు ఉండాలి. ఫోన్ వెలుగు చూస్తే చీకటికి అలవాటు పడ్డ కళ్లు మళ్లీ సర్దుకోడానికి 20 నిమిషాల పైనే. పాప చేతికి ఫోన్ ఇవ్వకండి.

రాతిపొర: మబ్బు పడితే రాత్రి టూర్ పోయినట్టే. సదర్లాండ్‌లో 2 రాత్రులు ఉంచుకోండి, కోత పెట్టాల్సొస్తే జొహానెస్‌బర్గ్‌లో పెట్టండి.